తూటా తేలికే, కాగితమే బరువు

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా తయారుచేసిన ఒక కవచ వాహనానికి సైనికులు పెట్టుకున్న పేరు 'టాటానగర్'. ఫోర్డ్ ఛాసిస్‌లు కెనడా నుంచి వచ్చేవి. వాటికి తొడిగే ఉక్కు పలకలు జంషెడ్‌పూర్‌లోని టాటా కర్మాగారంలో తయారయ్యేవి. సుమారు 4,600 బళ్లు తయారై ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రణరంగాల దాకా వెళ్లాయి. పంపేదీ, పుచ్చుకునేదీ ఒకే సామ్రాజ్యం. ఎవరు వాడతారు, ఎవరి మీద వాడతారు అని ఆరా తీయాల్సిన పని ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్నే మందుగుండు ఎగుమతికి మొదటి గడప. టాటానగర్‌లో వ్యాగన్ ఎక్కే ఉక్కు కడ్డీ మామూలు సరుకే. అదే ఉక్కును 155 మిల్లీమీటర్ల శతఘ్ని గుండు డొల్లగా మలిస్తే, లోపల చిటికెడు మందు లేకపోయినా, 'స్కోమెట్' జాబితాలోని ఆరో విభాగం కిందికి వచ్చేస్తుంది. ఇక రక్షణ ఉత్పత్తుల విభాగం అనుమతి లేకుండా అది దేశం దాటడానికి వీల్లేదు. కొన్న సరుకు తానే వాడతానని, మరొకరికి ఇవ్వనని విదేశీ కొనుగోలుదారు హామీ పత్రం రాసివ్వాలి.

చిన్న తూటాల సంగతి ఇంకా చిత్రమైనది. అమెరికా, ఐరోపాల్లో షూటింగ్ ఆటగాళ్లు చాలామంది పేలిన తూటా ఇత్తడి తొడుగును పారేయరు. కొత్త ప్రైమర్, మందు, సీసపు గుండు దట్టించి మళ్లీ వాడుకుంటారు. ఈ విడి సరుకుకు అక్కడ మంచి గిరాకీ. కానీ 1959 నాటి మన ఆయుధాల చట్టం దృష్టిలో తూటా భాగాలు కూడా మందుగుండే. దేశం దాటించాలంటే పదో సెక్షన్ కింద లైసెన్స్ తప్పదు. మందు పంపాలంటే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం అడ్డొస్తుంది. దాని అనుమతులు చూసే సంస్థ ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లో ఉంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పూర్తయిన తూటాను పరిమితంగా ప్రయాణికుల విమానంలోనూ పంపవచ్చు. దాని కడుపులోని మందును విడిగా డబ్బాలో పోసి పంపుతామంటే మాత్రం ససేమిరా కుదరదు.

కాగితాలన్నీ సరిపోయి సరుకు ఓడ ఎక్కినా గండం గడిచినట్టు కాదు. 2024 మేలో సుమారు 27 టన్నుల పేలుడు పదార్థాలతో చెన్నై నుంచి ఇజ్రాయెల్‌లోని హైఫాకు బయల్దేరిన 'మరియానే డానికా' అనే ఓడ దారిలో కార్టజీనా రేవులో ఆగుతానంటే స్పెయిన్ వద్దు పొమ్మంది. పంపేవారికి, కొనేవారికి లేని అభ్యంతరం మధ్యలో ఉన్న దేశానికి వచ్చింది.

అసలు చిక్కు సరుకు చేరాక మొదలవుతుంది. భారత కంపెనీలు ఇటలీ, చెక్ రిపబ్లిక్ వంటి దేశాలకు అమ్మిన శతఘ్ని గుండ్లు ఉక్రెయిన్‌కు చేరాయని, రష్యా అభ్యంతరం చెప్పినా దిల్లీ అడ్డుకోలేదని 2024 సెప్టెంబరులో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. ఆ కథనం ఊహాజనితమని, తప్పుదారి పట్టించేదని మన విదేశాంగ శాఖ కొట్టిపారేసింది. నిబంధనల ఉల్లంఘన ఏదీ జరగలేదన్నది ప్రభుత్వ వాదన.

రక్షణ ఎగుమతులు 2013-14లో రూ.686 కోట్లు. 2024-25 నాటికి అవి రూ.23,622 కోట్లకు పెరిగాయి. ఇంత పెద్ద మార్కెట్‌ను వదులుకోవాలని దిల్లీకి ఎందుకుంటుంది? పాతకాలపు ఆయుధ మిత్రుడు మాస్కోను నొప్పించాలనీ ఉండదు. ఇక్కడ తయారైన డొల్లలో మందు నింపేది ఎక్కడో ఐరోపా కర్మాగారంలో. ఆ తర్వాత అది ఎవరి ఫిరంగిలోకి వెళ్లిందని మాస్కో అడిగితే దిల్లీ చూపించగలిగేది ప్రధానంగా కొనుగోలుదారు సంతకం చేసిన ఆ హామీ పత్రమే.