ఐదో కంచం ఖర్చు

గోదావరిఖని బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టు పొద్దున 7 గంటలకు. ఆలోపే బాయికి పోయే మనిషికి సద్ది కట్టాలి, పిల్లల డబ్బాలు సర్దాలి. రెండో షిఫ్టుకు పోయినవాళ్లు ఇల్లు చేరేసరికి రాత్రి 11 దాటుతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లకూ, మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇళ్లకూ ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషి అవసరం అలా వస్తుంది. జీతం బేరం మొదటి రోజే తేలుతుంది. తిండి మాట మాత్రం ‘మాతోపాటే తింటుంది’ అనడంతో సరి. మూడో నెలకు నూనె ప్యాకెట్లు తొందరగా అయిపోతున్నాయని సణుగుడు మొదలవుతుంది.

ముందు లెక్క చూద్దాం. నలుగురున్న ఇంటికి నెల సరుకులు 12,000 రూపాయలు అనుకుంటే, ఐదో మనిషి వల్ల ఇంకో 3,000 పెరుగుతుందని చాలామంది భయం. అంత పెరగదు. గ్యాసు, పోపు, మసాలాల ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది. నిజంగా పెరిగేవి బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, గుడ్లు. రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకున్నా నెలకు 12 కిలోలు. కిలో 50 రూపాయల చొప్పున 600. అనుమానముంటే పనిమనిషి రాకముందు నెల, వచ్చిన తర్వాతి నెల కిరాణా కొట్టు ఉద్దెర పద్దులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

తిండి తగ్గించి ఆ ఖర్చు మిగుల్చుకుందామనుకోవడం తప్పు. మధ్యరకం శ్రమ చేసే మహిళకు రోజుకు దాదాపు 2,130 కిలో కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కూర్చుని పనిచేసే మహిళకైతే 1,660 చాలు. అంటే ఆఫీసు నుంచి వచ్చే ఇల్లాలికన్నా ఇల్లంతా తుడిచి, బట్టలుతికి, ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే మనిషికి ఎక్కువ తిండి కావాలి.

రేషన్ బియ్యం సంగతీ చెప్పాలి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ‘నీ వాటా ఇక్కడికి తెచ్చుకో’ అని పనమ్మాయిని అడగడం అన్యాయం. ఊళ్లో ఆమె పిల్లలు తినే బియ్యం అవి.

తిండి పెడుతున్నామని జీతంలో కోసేవాళ్లూ ఉన్నారు. ఇంటి పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందం ప్రకారం జీతంలో కొంత భాగాన్ని మాత్రమే వస్తురూపంలో ఇవ్వొచ్చు. అదీ పనిమనిషి ఒప్పుకుంటేనే, న్యాయమైన విలువ కడితేనే. భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది కానీ ఇంకా ఆమోదించలేదు. మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లు వంట పనికి పోయే కువైట్‌లో 2015 చట్టం తిండి, బట్ట, వైద్యం ఖర్చులు యజమానే భరించాలంటోంది. అమెరికాలో పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఉండే విదేశీ యువతులను ఓపేర్ అంటారు. వాళ్లకిచ్చే కనీస మొత్తం వారానికి 195.75 డాలర్లు. 45 గంటల కనీస వేతనంలోంచి తిండికీ వసతికీ 40 శాతం ముందే తీసేయగా మిగిలింది అది. కాబట్టి మళ్లీ తిండి ఖర్చు కోయడానికి వీల్లేదు. మన దగ్గరా అంతే: తిండి, గది ఇస్తున్నామనే కదా జీతం తక్కువకు మాట్లాడుకున్నది! ఒకే ముద్దకు రెండుసార్లు డబ్బు పట్టుకోవడం దోపిడీ.

డబ్బు కన్నా బాధించేది ఇంకొకటుంది. ఆదివారం మటన్ వండుతారు. ముక్కలన్నీ ఇంటివాళ్ల కంచాల్లోకి పోయాక గిన్నె అడుగున మిగిలిన పులుసు ఆమెకు. రెండో షిఫ్టు నుంచి వచ్చిన ఇంటాయనకు కూర వేడిచేసి వడ్డించాకే, అర్ధరాత్రికి ఆమె తినాలి. వండగానే ఆమె వాటా ముందు తీసిపెట్టండి. రాత్రి 8కి పిల్లలతోపాటే తినమనండి. ఆమెకు జొన్నరొట్టె అలవాటైతే నెల సరుకుల్లో జొన్నపిండి రాయండి.

పనిలో పెట్టుకునే రోజే నోటుపుస్తకంలో జీతమెంతో, తిండి మీదేనని, సెలవుల్లో ఏం చేస్తారో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. వచ్చే నెల కిరాణా చిట్టీ రాసేటప్పుడు ఏమేం కావాలో ఆమెనూ అడగండి.