ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగడానికి సిగ్గెందుకు?

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, నాంపల్లి మీదుగా రైలు మారకుండానే ఎర్రగడ్డ చేరుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి ఈ సౌకర్యం ఉంది. నాంపల్లిలో దిగి యూసుఫైన్ దర్గాలో ఫాతిహా చదివి వచ్చామని ఇరుగుపొరుగుతో చెప్పుకోవడానికి ఎవరూ మొహమాటపడరు. అదే రైల్లో మరో తొమ్మిది స్టేషన్లు దాటి, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో చీటీ రాయించుకున్నామని చెప్పాలంటే మాత్రం నోరు పెగలదు. ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది మన నగరంలో ఎకసెక్కపు మాటగా స్థిరపడిపోయింది. ఆ ఎకసెక్కానికి భయపడి ఎన్నో కుటుంబాలు రోగిని ఇంట్లోనే దాచుకుంటున్నాయి.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్సకు దూరంగానే ఉండిపోతున్నారు.

రుగ్మతను గుర్తించడమెలా?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లవాణ్ణే తీసుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర లేదు. తిండి సయించదు. ఇష్టమైన క్రికెట్ మీద కూడా మనసు పోదు. ‘నేను బతికి ఏం లాభం’ అంటాడు. ఇది బద్ధకం కాదు, కుంగుబాటు అనే జబ్బు కావచ్చు.

మరో ఇంట్లో అమ్మాయి వుజూ కోసం అరగంట కుళాయి దగ్గరే ఉంటుంది. చేయి సరిగా తడిసిందో లేదోనని మళ్లీ మళ్లీ కడుగుతుంది. నమాజులో రకాతులు తప్పానేమోనని మొదటినుంచి చదువుతుంది. ఇంట్లోవారు మొదట ‘ఎంత భక్తి!’ అని మురుస్తారు, తర్వాత ‘వస్‌వసా’ అని విసుక్కుంటారు. ఆమెకేమో ఏడుపు ఆగదు. అలా చేయకూడదని ఆమెకూ తెలుసు, కాని ఆపుకోలేదు. వైద్యులు దీన్ని ఓసీడీ అంటారు. మందులతోనూ, అనుమానాన్ని ఎదుర్కొంటూ మళ్లీ కడగకుండా నిలదొక్కుకునే శిక్షణతోనూ చాలామందికి ఉపశమనం కలుగుతుంది.

ఇంకొకరికి ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. అందరూ తనపై కుట్ర పన్నుతున్నారనిపిస్తుంది. ఇవి స్కిజోఫ్రీనియా లక్షణాలు కావచ్చు. ‘అసర్ అయింది’, ‘గాలి సోకింది’ అంటూ ఆమిళ్ల చుట్టూ తిరిగే సరికి నెలలు, ఏళ్లు గడిచిపోతాయి. చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుంది.

నలుగురేమంటారోనన్న భయం

రోగికి జబ్బు ఒక బరువు, చుట్టూ ఉన్నవారి మాట మరో బరువు. ‘ఈమాన్ బలంగా ఉంటే ఇలా అవుతుందా?’ అంటారొకరు. ‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు’ అంటారు మరొకరు. దాచిపెట్టి నిఖా జరిపిస్తే ఆ జబ్బు నయం కాకపోగా, ఏ పాపమూ ఎరుగని మరో అమ్మాయి బతుకూ చిక్కుల్లో పడుతుంది.

దుఃఖం ఈమాన్ లేమికి గుర్తు కాదు. కొడుకు యూసుఫ్ (అ) దూరమైనప్పుడు యాఖూబ్ (అ) ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది. ఆయన ప్రవక్త కాదా? వైద్యం చేయించుకోవచ్చా అని అడిగినవారికి చేయించుకోమనే దైవప్రవక్త (స) చెప్పారు. పదో శతాబ్దపు పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ మనసుకూ కలిపి ఒకే ఆరోగ్య గ్రంథం రాశారు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియని దిగులు వేరు అని ఆనాడే వివరించారు. దువా చేద్దాం, దవా కూడా ఇప్పిద్దాం. ఒకటి మరొకదానికి అడ్డు కాదు.

ఎర్వాడి నేర్పిన పాఠం

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా పరిసరాల్లో నడుస్తున్న ఒక ఆశ్రమం పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. స్వస్థత దొరుకుతుందన్న ఆశతోనే వారిని అక్కడ చేర్చారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఇతర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని చెప్పింది.

మనం చేయగలిగింది

కుంగుబాటుకు వాడే మందులు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు గాని గుణం చూపవు. వారం వాడి ‘పని చేయలేదు’ అని మానేయడం, కాస్త నెమ్మదించగానే చెప్పకుండా ఆపేయడం రెండూ పొరపాట్లే. ఎర్రగడ్డ దూరమనుకుంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. గడప దాటడానికే జంకుగా ఉంటే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా చావు మాట ఎత్తితే తిట్టకండి, ఒంటరిగా వదలకండి. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. నిదానంగా అడగండి, వినండి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

జ్వరంతో పడుకున్నవారిని పలకరించడానికి పండ్లు పట్టుకుని వెళతాం. మనసు బాగాలేని మనిషి ఉన్న ఇంటికి మాత్రం వెళ్లం, వెళ్లినా గుసగుసలాడి వస్తాం. ఈ జుమా రోజున అలాంటి ఒక్క ఇంటి తలుపైనా తట్టండి. ‘రేపు ఆసుపత్రికి నేనూ తోడొస్తాను భాయీ’ అన్న ఒక్క మాట చాలు, ఆ ఇంటివారికి రైలెక్కే ధైర్యం వస్తుంది.