కుంపటికి పది అడుగుల దూరము

మన విద్యార్థులలో కొందరి అన్నలు, మేనమామలు నేడు అమెరికా నగరములలో అపార్టుమెంట్లు అద్దెకు తీసుకొని నివసించుచున్నారు. సెలవు దినమున సీఖ్ కబాబు కాల్చుకొందమని బాల్కనీలో బొగ్గుల గ్రిల్ అమర్చినచో, మేనేజరు నుండి నోటీసు వచ్చుట కద్దు. మాంసము కాల్చుటకు కూడ చట్టమా యని నవ్వువారి కొరకు, ఆ నియమమును దాని హేతువును ఇచ్చట వివరింపదలచితిమి.

ఆ దేశమున పెక్కు రాష్ట్రములు, నగరములు 'ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్' అను నమూనా సంహితను గ్రహించి, తమకు తగిన మార్పులతో అమలు జరుపుచున్నవి. 2000వ సంవత్సరము నుండి వెలువడుచున్న ఈ సంహిత చెప్పునది ఇది: బొగ్గుల పొయ్యిని గాని, బయట మంటతో వండు మరి యే సాధనమును గాని, మండు స్వభావము గల బాల్కనీపై వాడరాదు, మండు స్వభావము గల కట్టడమునకు 10 అడుగుల లోపలను వాడరాదు. ఒకటి రెండు కుటుంబములు మాత్రమే నివసించు ఇండ్లకు ఈ నిషేధము లేదు.

ఈ మినహాయింపులోనే చట్టము యొక్క ఆంతర్యము గలదు. తన కప్పును పణముగా పెట్టు స్వేచ్ఛను గృహస్థునకు విడిచినది గాని, పొరుగువాని కప్పును పెట్టు స్వేచ్ఛను ఎవ్వరికిని ఇయ్యలేదు. అచ్చటి మూడు నాలుగు అంతస్తుల భవనములు అనేకము కొయ్య చట్రముపై కట్టినవి. పలకల సందులో పడిన నిప్పురవ్వ వంట ముగిసిన పిమ్మట గూడ గంటల తరబడి రగులుచుండును. పైకి లేచిన మంట వెలుపలి గోడ వెంట ప్రాకి కప్పు క్రింది అటకను చేరునప్పటికి, పై అంతస్తువారు నిద్రలో నుండవచ్చును. గదులలోని స్ప్రింక్లర్లు, అనగా వేడి తగిలినంతనే నీరు చిమ్ము గొట్టములు, వెలుపలి మంటను గుర్తింపజాలవు. కావుననే బాల్కనీకి సైతము స్ప్రింక్లరు ఉన్నచోట మాత్రము సంహిత సడలింపు నిచ్చినది.

గ్యాసు సంగతి వేరు. వంటగ్యాసు గాలికన్న బరువైనది. కారినచో నీటివలె క్రిందికి దిగి, క్రింది ఇంటి దీపమును వెదకికొనును. న్యూయార్కు నగరమున అపార్టుమెంటు బాల్కనీలపై గ్యాసు గ్రిల్ నిషిద్ధము. బొగ్గుల గ్రిల్ వాడువారు 10 అడుగుల దూరమును పాటించి, నీటిని చేరువలో నుంచుకొనవలెను. విద్యుత్తు గ్రిల్‌పై ఇంత పట్టుదల కానరాదు. రుచి మాట వేరు!

మన హైదరాబాదు మేడల సిమెంటు స్లాబు మండదు, నిజమే. అయినను ఆ బాల్కనీలో ఆరవేసిన చీరలు, ప్లాస్టిక్ పరదాలు, పాత పరుపులు, ఒక మూల అదనపు సిలిండరు ఉండుట మనమెరుగనిది కాదు. బక్రీదు నాడు డాబాపై అంగీఠీ రాజేసి, వాన రాగానే కణకణలాడు బొగ్గులతో గదిలోనికి తెచ్చుట అన్నిటికన్న ప్రమాదకరము. బొగ్గు నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో అది మెలకువ రానీయకయే ప్రాణము తీయగలదు. వానకు తడిసినను సరే, అంగీఠీ డాబాపైననే ఉండవలెను. చల్లారినట్లు కనబడు బూడిదను సైతము నీటితో తడిపి, మూతగల ఇనుప డబ్బాలో మరునాటి వరకు ఉంచిన పిమ్మటనే పారవేయవలెను.