నడక ఒక్కటే చాలదు నాన్నా!

నల్లగండ్లలో మా చుట్టాల గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం అయ్యాక పెద్దవాళ్లందరికీ కింద చాపలేసి అరిటాకుల్లో వడ్డించారు. నాన్న హుషారుగా కూర్చున్నాడు. పులిహోర, గారెలు, పరమాన్నం... తృప్తిగా తిన్నాడు. ఆ తర్వాత లేవబోతే లేవలేకపోయాడు. ముందు ఒక చెయ్యి నేలకు ఆనించాడు, తర్వాత రెండోది. అయినా నడుం పైకి రాలేదు. చివరికి ఇద్దరు కుర్రాళ్లు చెరో రెక్క పట్టుకుని లేపారు. "ఏం లేదు, కాళ్లు తిమ్మిరెక్కినయ్" అని నవ్వేశాడు. అందరూ నవ్వేశారు. కార్లో కొండాపూర్ చేరేదాకా మాత్రం నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ తర్వాత రెండు నెలల్లో మూడు శుభకార్యాలకు పిలుపులొచ్చాయి. మూడింటికీ ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోయాడు. అసలు సంగతి అమ్మ చెప్పింది. "కింద కూర్చోమంటారేమోనని ఆయనకి భయంరా!"

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాన్న సోమరి కాదు. రోజూ పొద్దున్నే బొటానికల్ గార్డెన్‌కు వెళ్తాడు. ఫోన్‌లో ఎనిమిది వేల అడుగులు కనబడందే టిఫిన్ ముట్టడు. షుగర్ అదుపులో ఉంది. బీపీ ఫరవాలేదు. అంత నడిచే మనిషి నేల మీంచి ఎందుకు లేవలేకపోయాడు? సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా... బగ్ కనిపిస్తే దాని మూలం దొరికేదాకా వదలబుద్ధి కాదు. వెతకడం మొదలుపెట్టాను.

కండక్టర్ కాళ్లు

నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఖమ్మం జిల్లా పల్లెవెలుగు బస్సుల్లో ముప్పై ఏళ్లు నిలబడే బతికాడు. కిక్కిరిసిన బస్సులో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. స్టేజీ స్టేజీకీ దిగడం, మళ్లీ ఎక్కడం. సెలవు రోజున పొలం పని.

కండక్టర్ల మీద ప్రపంచ ప్రసిద్ధి పొందిన పరిశోధన ఒకటి ఉందని ఈ వెతుకులాటలోనే తెలిసింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్, అక్కడి రవాణా ఉద్యోగులు సుమారు 31 వేల మంది ఆరోగ్యాన్ని పరిశీలించి 1953లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఒకే బస్సు, ఒకే ఊరు. డ్రైవర్ రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టర్ మాత్రం డబుల్ డెక్కర్ బస్సులో కిందికీ పైకీ తిరుగుతూ రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె జబ్బు డ్రైవర్లలో కంటే కండక్టర్లలో తక్కువగా కనిపించింది. వచ్చినా ఆలస్యంగా, అంత తీవ్రంగా లేకుండా వచ్చింది. శరీర శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపించిన తొలి పెద్ద అధ్యయనాల్లో ఇదొకటి. ఆ మోరిస్ 99 ఏళ్లు బతికారు.

ఈ సంగతి చెప్తే నాన్న మురిసిపోయాడు. "చూసినవా మరి, మా ఉద్యోగమంటే ఏమనుకున్నవ్!" అన్నాడు. నిజమే. కానీ ఇప్పుడా ఉద్యోగం లేదు. ఆ బస్సు లేదు. ఆ పొలమూ కౌలుకిచ్చేశాం.

పధ్నాలుగో అంతస్తు సుఖం

1998లో సైబర్ టవర్స్ మొదలైంది. ఆ తర్వాత మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా ఐటీ కంపెనీలు పరుచుకున్నాయి. ఊళ్ల నుంచి పిల్లలు ఇంజినీర్లుగా వచ్చారు, ఫ్లాట్లు కొన్నారు. వాళ్లకు పిల్లలు పుట్టాక అమ్మానాన్నలొచ్చారు. సాయంత్రం స్కూలు బస్సులొచ్చే వేళ ఏ గేటెడ్ కమ్యూనిటీ ముందైనా నిలబడి చూడండి. మనవల బ్యాగుల కోసం ఎదురుచూసే తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. గుంటూరు యాస, కరీంనగర్ యాస, శ్రీకాకుళం యాస... అన్నీ వినిపిస్తాయి. అందులో ఎక్కువ మంది ఒళ్లొంచి పనిచేసి బతికినవాళ్లే.

మా ఇంటినే తీసుకుందాం. ఊళ్లో అమ్మ వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లేది, ముగ్గేసేది, బోరింగు కొట్టి బిందెలు మోసేది. కింద కూర్చునే కూరలు తరిగేది. ఇక్కడ వాషింగ్ మెషీన్ ఉంది, పనమ్మాయి ఉంది. ఊళ్లో నాన్న పీట మీద కూర్చుని తినేవాడు, ఇక్కడ డైనింగ్ టేబుల్. అక్కడ నేల మరుగుదొడ్డి, ఇక్కడ కమోడ్. అక్కడ మెట్లు, ఇక్కడ లిఫ్ట్. ఊళ్లో ఉన్నప్పుడు రోజుకు కనీసం పది పదిహేనుసార్లు నేల దాకా వంగి లేచేవారు. కొండాపూర్ వచ్చాక ఆ లెక్క సున్నా.

ఇవన్నీ సుఖాలే, వద్దనడం లేదు. కానీ వాళ్లను సుఖపెట్టాలని తీసుకొచ్చిన మేమే వాళ్ల ఒంటికున్న పని మొత్తం లాగేసుకున్నాం. దాని బదులు ఏమిచ్చామంటే... అడుగులు లెక్కపెట్టే ఫోను!

నడకకు అందని చోటు

ముప్పై ఏళ్లు దాటాక మన కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతూ వస్తుందని వైద్యులు చెప్తారు. అరవై దాటాక ఆ వేగం ఇంకా పెరుగుతుంది. దీనికి 'సార్కోపీనియా' అని 1989లో పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'కండ తగ్గిపోవడం' అని అర్థం. ముఖ్యంగా తగ్గేది చటుక్కున బలం చూపించే కండరాల పోగులు. కాలికి ఏదో తగిలి తూలినప్పుడు ఇంకో కాలు ముందుకేసి నిలదొక్కుకోవడానికి పనికొచ్చేవి అవే. అవి బలహీనపడితే చిన్న తూలుడు కూడా తుంటి ఎముక విరగడం దాకా పోవచ్చు.

మరి నడక? గుండెకు మంచిది, షుగర్‌కు మంచిది, మనసుకూ మంచిది. మానొద్దు. కానీ కండరానికి ఒక గుణముంది. అలవాటైన బరువుకు అది పెరగదు. అలవాటు కంటే కాస్త ఎక్కువ పని చెప్తేనే బలపడుతుంది. చదును దారిలో రోజూ అదే వేగంతో నడిస్తే తొడలకు కొత్తగా చెప్పే పనేం లేదు. ఆఫీసులో మేం సర్వర్‌కు లోడ్ టెస్ట్ చేసేటప్పుడు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతాం. ఒంటికీ అలాగే చెయ్యాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తున్నాయి. 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలి. మన వాకింగ్ ఇక్కడికే సరి. దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాల బలానికి, కనీసం మూడు రోజులు నిలకడకు వ్యాయామం ఉండాలి. ఈ మిగతా రెండూ మా పార్కుల్లో నాకు ఎక్కడా కనబడలేదు.

తొంభైలో కూడా!

"ఈ వయసులో బరువులెత్తమంటావా? నవ్విపోతారు" అన్నాడు నాన్న. అప్పుడు బోస్టన్ సంగతి చెప్పాను. 1990లో మరియా ఫియటరోన్ అనే డాక్టర్ బృందం అక్కడి వృద్ధాశ్రమంలో ఉన్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువు వ్యాయామం చేయించింది. వాళ్ల సగటు వయసు 90. పూర్తి చేసిన తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండింతలు దాటింది. తొడ కండ కూడా దాదాపు 9 శాతం పెరిగింది. చిన్న పరిశోధనే, కానీ 'ముసలితనంలో కండ పెరగదు' అనే మాటకు అదొక గట్టి జవాబు.

మన దేశం ఉదాహరణ కావాలంటే పంజాబ్ బామ్మ మన్ కౌర్ ఉన్నారు. పరుగు మొదలుపెట్టిందే 93వ ఏట. 2017లో ఆక్లండ్‌లో జరిగిన వరల్డ్ మాస్టర్స్ గేమ్స్‌లో 101 ఏళ్ల వయసులో వంద మీటర్ల స్వర్ణం గెలిచారు.

అసలు బలం మనకు కొత్త కాదు. కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల ఇది. ఉత్తరాంధ్ర ఊళ్లలో ఇప్పటికీ సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు జరుగుతాయి. తాలింఖానాల పేర్లు పెద్దవాళ్లకు గుర్తే. కాకపోతే బలమంటే కుర్రవాళ్ల సొత్తు, పెద్దవాళ్లకు నడక, ప్రాణాయామం చాలు అని మనమే పంచేసుకున్నాం.

మా హాల్లో జిమ్

ముందు డాక్టర్‌కు చూపించాం. మోకాళ్లు కొంచెం అరిగాయన్నారు. "అరిగిన మోకాళ్లతో వ్యాయామమా?" అని అమ్మ కంగారుపడింది. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందనీ, అది కూడా వైద్యంలో భాగమేననీ ఆయన చెప్పారు. ఓ ఫిజియోథెరపిస్ట్ దగ్గర నాలుగు రోజులు నేర్చుకుని ఇంట్లోనే మొదలుపెట్టాం.

మొదట కుర్చీ పరీక్ష. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్కపెట్టడమే. అమెరికా ఆరోగ్య శాఖ వాడే కొలత ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే సగటు కంటే వెనకబడ్డట్టు. 70 నుంచి 74 మధ్య అయితే మగవాళ్లకు 12, ఆడవాళ్లకు 10. నాన్న వయసు 63. చేసింది తొమ్మిది. అమ్మ సరదాగా కూర్చుని పన్నెండు చేసింది. అంతే, ఆయనకు పౌరుషం వచ్చింది!

ఇంతలో నాకూ ఓ పాఠం. చేతులు ఆనించకుండా నేల మీంచి లేచి చూపిస్తానని కూర్చున్నాను. ఒక చెయ్యి ఆనించాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లకే! రోజుకు పది గంటలు కుర్చీలో కూర్చునే నేను ఆ లండన్ బస్సులో డ్రైవర్ సీట్లో ఉన్నానని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ముగ్గురం కలిసే చేస్తున్నాం.

మేం చేసేవి ఇవీ... వారానికి మూడు రోజులు, అరగంట:

• కుర్చీలోంచి లేచి కూర్చోవడం: పదేసి చొప్పున రెండు విడతలు. తేలికయ్యాక చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు, ఆ తర్వాత రెండు లీటర్లవి.
• గోడకు చేతులానించి దండీలు: పదేసి.
• వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం: పదిహేనేసి.
• గట్టు పక్కనే ఒంటికాలి మీద నిలబడటం: ఒక్కో కాలికి పది సెకన్లు. ఇది మాత్రం రోజూ.
• నెల దాటాక, దివాన్ పక్కన చాప వేసి నేల మీద కూర్చుని లేవడం. ముందు రెండు చేతుల సాయంతో, తర్వాత ఒక చేత్తో.

జాగ్రత్తలూ ఉన్నాయి. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. మర్నాడు కండరాలు కొంచెం పట్టేసినట్టుంటే ఫరవాలేదు. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే వెంటనే ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. స్టెంట్ వేసుకున్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.

తిండి సంగతి కూడా చూసుకున్నాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై దాటినవాళ్లకు కిలోకు గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ఉంటే మేలని చాలామంది వృద్ధాప్య నిపుణుల మాట. 65 కిలోల నాన్నకు రోజుకు కనీసం 54 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. రాత్రిపూట మజ్జిగన్నం, పచ్చడితో సరిపెట్టే అలవాటుతో అంత రాదు. ఇప్పుడు పొద్దున పెసరట్టు, రెండు పూటలా గట్టి పప్పు, ఒక గుడ్డు, గుగ్గిళ్లు, పెరుగు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాలి.

మధ్యలో మానేసిన వారాలున్నాయి. జ్వరమొచ్చి పది రోజులు ఆగాం. "ఏంది ఈ కుర్చీల ఆట!" అని నాన్న విసుక్కున్న రోజులూ ఉన్నాయి. అయినా నాలుగు నెలలకు తొమ్మిది కాస్తా పదమూడైంది. ఇంకా సగటు అందలేదు. మోకాలి నొప్పి పూర్తిగా పోలేదు, తగ్గింది.

మొన్న శ్రీరామనవమికి ఊరెళ్లాం. గుడి ముందు పందిట్లో కళ్యాణం అయ్యాక అన్నదానం. బల్లలున్నాయి, కుర్చీలూ ఉన్నాయి. నాన్న వాటి వైపు చూడకుండా కింద బంతిలో పాతస్నేహితుల పక్కన కూర్చున్నాడు. నేను తినడం మానేసి ఆయన్నే చూస్తున్నాను. భోజనం అయ్యాక మోకాలు ముందుకు పెట్టి, ఒక చెయ్యి నేలకు ఆనించి, మెల్లగా లేచాడు. ఎవరూ పట్టుకోలేదు. అసలు ఎవరూ గమనించనే లేదు.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి, పక్కన లేవడానికి తంటాలు పడుతున్న ఆయనకు చెయ్యందించి లేపి, కుర్చీ పరీక్ష గురించి చెప్తున్నాడు. బస్సులో స్టేజీల పేర్లు చెప్పినంత గట్టిగా!