వేసవిలో ఇంటి గాలి: తేమ ఎక్కడ కావలెను, ఎక్కడ కూడదు

ఎండకాలమున ఎడ్లబండి చక్రము ఎండి ఇనుప పట్టా వదులైనచో, దానిని నీటిలో నానవేయుట మన పెద్దల వాడుక. కొయ్య తేమ పీల్చి ఉబ్బును, పట్టా బిగియును. చక్రమును ఎండించిన ఆ పొడిగాలియే మీ ఇంటిలోను ఉన్నది.

గాలి ఎందుకు పొడిబారును?

గాలి వేడెక్కినకొలది ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. ఒక ఘనపు మీటరు గాలి 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 23 గ్రాములు, 40 డిగ్రీల వద్ద సుమారు 51 గ్రాములు పట్టుకొనును. ఉదయము గాలిలో 12 గ్రాముల ఆవిరి ఉన్నచో తేమ సగము కన్న కొంచెము ఎక్కువ. మధ్యాహ్నము ఎండ 40 డిగ్రీలకు చేరగా, ఆ 12 గ్రాములే నాల్గవ వంతుకు తక్కువగును. అప్పుడు గాలి ఒంటినుండి, కొయ్యనుండి, నూలునుండి తేమను లాగుకొనును. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మే నెలలో ఇది ఏటేటా ఉన్నదే.

ఒంటికి కలుగు బాధలు

పెదవులు పగులును, కండ్లు మండును, గొంతు ఎండును. చెమట పుట్టినవెంటనే ఆరిపోవును గనుక కంటికి కనబడదు. చెమట లేదుగదా అని నీరు త్రాగుట మానరాదు. దప్పిక కాకమునుపే త్రాగుచుండవలెను. బాగుగా అలసినచో లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి త్రాగవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను.

పిల్లలకు ముక్కునుండి రక్తము కారినచో తల వెనుకకు వంచరాదు. కూర్చుండబెట్టి, తల కొంచెము ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును 10 నుండి 15 నిమిషములు విడువక నొక్కి పట్టవలెను. అరగంటకును ఆగనిచో వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

ఇంటి పనులు

సిరిసిల్ల మరమగ్గముల వారికి ఇది తెలిసినదే. నూలు దారము ఎండినచో పోగులు తెగును. పాలిస్టరు దారము పొడిగాలిలో రాపిడికి విద్యుత్తు పుట్టించి దుమ్మును అంటించుకొనును. కోరుట్ల, జగిత్యాల ఇండ్లలో బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రు తునికాకును నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచుదురు. లేనిచో ఆకు చిట్లును. ఆకు తడిగా ఉన్నను పొగాకు పొడిగానే ఉండును, దాని ధూళి గాలిలో లేచును. కావున చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడువవలెను. కిటికీ తెరచి ఉంచవలెను. పసిపిల్లలను ఆ గదిలో పండుకొనబెట్టరాదు.

విత్తనపు గది వేరు

మనుషులకు గాలిలో 40 నుండి 60 శాతము తేమ హితము. విత్తనమునకు మాత్రము పొడిగాలియే మేలు. కొనుగోలు కేంద్రములో 17 శాతము తేమ వరకు వడ్లు తీసికొందురు గాని, విత్తనపు వడ్లలో 13 శాతము మించరాదు. మొక్కజొన్న విత్తనమునకు 12, వేరుసెనగ కాయలకు 9 శాతము హద్దు. విత్తనములో తేమ ఒక శాతము పెరిగినచో, దాని ఆయువు సుమారుగా సగమగును. పసుపు కొమ్ములు కూడ తేమకు బూజు పట్టును.

కావున కూలరును, తడి గోనెపట్టాలను, వట్టివేళ్ల తడికలను మనుషులుండు గదిలోనే వాడుడు. విత్తనములు, పసుపు ఉన్న గదిలోనికి ఆ గాలి పోనీయకుడు. ఇల్లు ఒకే గది అయినచో, బాగుగా ఆరిన విత్తనమును గాలి చొరని డబ్బాలో మూసి, నేలకు ఎత్తుగా ఉంచుడు. కూలరు నడుచునప్పుడు కిటికీ తెరచి ఉండవలెను. మూసినచో తేమ నిలిచి ఉక్క పెరుగును. దాని తొట్టిని వారమునకొకసారి తోమి ఆరబెట్టుడు. లేనిచో డెంగీ దోమలు పెరుగును.

తొలకరి పడినవెంటనే తడి తెరలు తీసివేయుడు. వానాకాలపు విత్తనము మొలకెత్తుట, వేసవిలో మీరు దానిని ఉంచిన గదిని బట్టియే ఉండును.