సైకిలెక్కిన అక్షరాలు

పిల్లలూ! బంతి బొమ్మ చూసి "బ" అక్షరం నేర్చుకున్న సంగతి మీకు జ్ఞాపకం ఉన్నదా? ఫ్రాన్సు దేశపు పిల్లలు కూడా ఇలాగే ఆటల బొమ్మలు చూస్తూ చదవటం నేర్చుకున్నారు. వారి మొదటి వాచకాలలో "వేలో" అనే మాట తరచు కనబడుతుంది. వేలో అంటే సైకిలు.

సైకిలే ఎందుకు? ఫ్రెంచిలో చాలా మాటలను రాసేది ఒక రకంగా, పలికేది మరొక రకంగా ఉంటుంది. చివరి అక్షరాలను చాలాసార్లు పలకనే పలకరు. "వేలో"తో ఆ చిక్కు లేదు. ఉన్నవి నాలుగే అక్షరాలు, నాలుగూ పలుకుతాయి. "వే", "లో" అని రెండు ముక్కలు చేసి సులువుగా చదివేయవచ్చు. మరి "ఫుట్‌బాల్"? ఆ మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది, స్పెల్లింగు కూడా ఇంగ్లీషుదే. రెండు "ఓ"లు కలిస్తే "ఊ" అని పలకటం ఫ్రెంచి పద్ధతి కాదు. ఆట ఎంత ఇష్టమైనా, కొత్తగా చదివేవారికి ఆ మాట కొరుకుడుపడదన్నమాట!

అయితే పుస్తకాలు ఆటలను ఎప్పుడూ ఒకే విధంగా చూపలేదు. 1870–71లో ఫ్రాన్సు ప్రష్యాతో యుద్ధం చేసి ఓడిపోయింది. పిల్లలను దేహబలం కలవారిగా పెంచాలని పెద్దలు తలచారు. 1880లో మగపిల్లల బడులలో కసరత్తు తప్పనిసరి అయింది. 1882లో, 6 ఏళ్ల నుంచి 13 ఏళ్ల దాకా అందరూ చదవాలని చట్టం వచ్చింది. ఆ ఏడే "బడి పటాలాలు" కూడా ఏర్పడ్డాయి. వాటిలో పిల్లలు తుపాకులు పట్టి కవాతు చేసేవారు. 1888లో ఎమీల్ లావిస్ అనే సైనికాధికారి బడిపిల్లలు చదివేందుకు ఒక పుస్తకం రాశాడు. దాని పేరే "నీవు సైనికుడివవుతావు"!

తరవాత కాలం మారింది. 1903లో "టూర్ ద ఫ్రాన్స్" సైకిలు పందెం మొదలై, దేశమంతా దాన్ని ముచ్చటగా చూసింది. వాచకాలలో బంతులు, సైకిళ్లు ఉల్లాసానికి గుర్తులయ్యాయి.

కాని ఒక లోటు మిగిలింది. చాలా పుస్తకాలలో బంతి తన్నేది అబ్బాయి. అమ్మాయి తాడాట ఆడుతుంది, లేదా బొమ్మను ఎత్తుకుని నిలబడుతుంది. రోజూ ఆ బొమ్మలే చూసే అమ్మాయి, పరుగు పందేలు తనవి కావనుకోదూ? అది నిజం కానే కాదు. 1996 ఒలింపిక్సులో మహిళల రోడ్డు సైకిలు పందెం గెలిచి బంగారు పతకం తెచ్చిన జానీ లోంగో ఫ్రెంచి వనితే!

బొమ్మ అక్షరంతోపాటు మరొక పాఠం కూడా చడీచప్పుడు లేకుండా చెబుతుంది. మీ వాచకాన్నే ఒకసారి తెరిచి చూడండి. అందులో ఆడుతున్నది ఎవరు? పక్కన నిలబడి చూస్తున్నది ఎవరు? లెక్కపెట్టి, మీ అమ్మకూ నాన్నకూ చెప్పండి.