కడలియొడ్డున పురుడు

కూతురు పురిటికి వచ్చినప్పుడు పుట్టింట నెట్టి సందడి యుండునో మనకు తెలియనిది కాదు. ఇట్టి పుట్టిండ్లు మనుష్యులకే గాక పక్షులకును, సముద్రజీవులకును కలవు. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు సుమారు 1000 కిలోమీటర్లు వ్యాపించిన మన యాంధ్రతీరమున నవి యెచ్చట కలవో, వానిని చూచు విధమెట్టిదో, చూచినవారి విధి యేమో యిచ్చట మనవి చేయుదుము.

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి సమీపమున తేలినీలాపురమను గ్రామము కలదు. శరదృతువున గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును అచ్చటికి వచ్చి, యిండ్ల నడుమ నున్న చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని, వేసవిలో తరలిపోవును. సైబీరియానుండి వచ్చునని జనశ్రుతి కలదు గాని, యీ గూడబాతు దక్షిణాసియాలో గ్రుడ్లు పెట్టు పక్షి. దాని ముక్కు క్రింద వ్రేలాడు సంచిని తప్పక చూడవలెను. తల్లి దానితో చేపను నీటితోసహా తోడి, నీరు జార్చి మ్రింగును. పిల్ల యా సంచిలోనికి తల దూర్చి యాహారమును తీసికొనును. రెట్టల దుర్గంధము, రేయింబవళ్లు కలకలము ఆ యూరి గృహిణులకు తప్పవు. అయినను వారు వానిని తరుమరు. పక్షులు వచ్చుట యూరికి శుభమని వారి నమ్మకము. 2022 ప్రారంభమున, తిన్న చేపలద్వారా నులిపురుగులు కడుపున చేరి, యచ్చట పెక్కు గూడబాతులు మరణించినవి. చెరువునీటి శుభ్రత చెట్టుపైనున్న గూటికిని అవసరమే యని దీనివలన తెలియుచున్నది.

దక్షిణమున సూళ్ళూరుపేట సమీపమున నేలపట్టు చెరువు కలదు. నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు పురుడు పోసికొనును. వానికి అన్నపుకుండ దాపుననున్న పులికాట్ సరస్సు. ఉప్పునీటి సరస్సులలో చిలుక సరస్సు తరువాత మన దేశమున నిదియే పెద్దది. శీతకాలమున నిచ్చట రాజహంసల బారులను చూడవచ్చును. కావ్యములలోని హంస తెల్లనిది; ఈ పక్షి రెక్కలు గులాబివన్నెవి. తల క్రిందుచేసి బురదనీటిని వడకట్టి తిను సూక్ష్మజీవుల వలనను, నాచు వలనను దాని కా వన్నె కలుగును. ఇది విందునకు వచ్చు చుట్టమే గాని పురిటికి వచ్చు బిడ్డ కాదు.

చూడబోవువారు తెల్లవారుజాముననే పోవలెను. మట్టివన్నె చీర మేలు. దుర్భిణి యున్నచో చెట్టు క్రిందికి పోవలసిన పని లేదు. తల్లి బెదరి లేచినచో పసికూనలు ఎండకు మాడును. కాకులు గ్రుడ్ల నెత్తుకొనిపోవును.

పక్షుల పురుడు పగటివేడుక; సముద్రపు తాబేటి పురుడు రాత్రి రహస్యము. ఆలివ్ రిడ్లే యను తాబేలు శీతకాలము చివర మొదలు వేసవి తొలిదినముల వరకు, తాను పుట్టిన తీరప్రాంతమునకే మరల వచ్చును. శ్రీకాకుళపు తీరమున నొక రాత్రి మేము దీపము లేకుండ, దూరమున కూర్చుండి చూచితిమి. అది ఇసుక నెక్కి, వెనుకకాళ్లతో మూరెడు లోతున కుండవంటి గొయ్యి త్రవ్వెను. నూరు గ్రుడ్ల వరకు పెట్టి, ఇసుక కప్పి, తన దేహముతోనే దిమ్మిసకొట్టి, వెనుదిరిగి చూడక నీట చేరెను. దాని కన్నులనుండి నీరు కారుచుండగా మా ప్రక్కనున్న బెస్తముసలమ్మ "పురిటినొప్పులకి ఏడుస్తన్నాదమ్మా" యనెను. దేహమున చేరిన యుప్పును తాబే లా విధమున వెడలించునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. గాని యామె మాట కాదనుటకు మాకు నోరాడలేదు.

దాదాపు 45 మొదలు 60 దినములకు పిల్లలు వెలువడును. ఇసుక వేడి హెచ్చినచో ఆడుపిల్లలు, తగ్గినచో మగపిల్లలు అధికము. తల్లి యుండదు, దారి చూపునది నీటిపై మెరయు ఆకాశపు వెలుగు మాత్రమే. ఒడ్డుననున్న మేడలయందు విద్యుద్దీపములు వెలిగినచో పిల్లలు సముద్రమును విడిచి వానివైపు ప్రాకి, కుక్కల పాలగును, లేదా ఎండిపోవును.

తల్లికి గండము వలలో నున్నది. తాబేలు నీటిలో నివసించినను ఊపిరితిత్తులతో గాలి పీల్చును. మరపడవల వలలో చిక్కి, పైకి రాజాలక, మునిగి చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ నిచ్చినది. తాబేలు తప్పించుకొనుటకు వలలో నమర్చు ద్వారము కూడ కలదు. దానిగుండ చేపలు సైతము పోవునని వేటగాండ్రు సంకోచింతురు. వారి యింట పొయ్యి వెలుగుటకు ఆ చేపలే యాధారము గనుక వారిని నిందించి ప్రయోజనము లేదు. ఆ నష్టమును సర్కారు భరించుట న్యాయము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము కలదు గాని, తాబేళ్ల పురుళ్లు అంతకుముందే చాలవరకు ముగియుచున్నవి.

శ్రీకూర్మమున కూర్మనాథునికి మనము మ్రొక్కుదుము. ఆ జిల్లా తీరముననే యేటేట తాబేళ్ల కళేబరములు కొట్టుకొని వచ్చుచున్నవి. మ్రొక్కుబడితోపాటు మరికొన్ని పనులును మనకు కలవు. తీరమున బస చేసినప్పుడు సముద్రమువైపు దీపము లార్పుడు. ఎంగిలి విసరి కుక్కలను ఇసుకతిన్నెలకు మరపకుడు. ప్లాస్టిక్ సంచుల నొడ్డున విడువకుడు. గ్రుడ్లు కనబడినచో పిల్లలను ముట్టనీయక అటవీశాఖవారికి తెలుపుడు. పురిటింటిలో మన తల్లులు పాటించిన నిశ్శబ్దమును, జాగ్రత్తను కడలియొడ్డున మనము పాటించిన చాలును.